నెలకి మూడు మ్యాచ్‌లు

ఆగస్టు 6

ఒరేయ్ ఎడంకాలూ,

ఫోను చేస్తే "ఊ", "ఆ", "బాగానే ఉన్నా" తప్ప నీ నోట్లోంచి నాలుగో మాట రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. కాగితం ముందు కూర్చుంటే ఎంత మొండివాడైనా రెండో పేజీకల్లా నిజం చెప్పేస్తాడని నా నమ్మకం.

ఇక్కడ ఎప్పటి గోలే. రెండో నంబరు మిషను మళ్ళీ నీళ్ళు కక్కుతోంది. కెప్టెన్‌గారు మేజోళ్ళు ఒకటి తిరగేసి, ఒకటి మామూలుగా విసిరేస్తారు. అంత జీతం తీసుకునే మనిషికి రెండు మేజోళ్ళు ఒకే వైపు తిప్పడానికి ఒళ్ళు బద్ధకం. నువ్వు బస్సెక్కిన మర్నాడే లాండ్రీలో నీ అర ఖాళీ చేయమన్నారు. వినపడనట్టు ఊరుకున్నాను. మిషన్ల చప్పుడులో వినపడకపోవడం నాకు బాగా అలవాటు.

నువ్వు వెళ్ళేముందు అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "అక్కర్లేని బీరువాని ఎవరింట్లోనో పెట్టి, దాని అద్దె కూడా మనమే కట్టుకున్నట్టుంది పిన్నీ నా సంగతి" అన్నావు. ఒక ఏడాది ఇంకో ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆడి రమ్మని లోను మీద, అదే అరువుగా, పంపితే అంత చిన్నతనమా? ఆ చిన్న క్లబ్బు నీ జీతంలో మూడో వంతే ఇవ్వగలనంది. మిగతా రెండు వంతులూ మనవాళ్ళే ఇస్తున్నారు. అక్కర్లేనివాడికి ఎవరైనా ఇంట్లో కూర్చుని అంత డబ్బు పంపిస్తారా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు.

సంతకాల ముందు రోజు నేను మేనేజరుగారి గదికి వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళ నుంచి ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను కానీ ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. రెండు ముక్కలు మాట్లాడి వచ్చేశాను. ఏం మాట్లాడావని అడక్కు. పెద్దవాళ్ళం సవాలక్ష మాట్లాడుకుంటాం.

గోళ్ళు కొరుక్కోకు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి.

పిన్ని


ఆగస్టు 21

పిన్నీ,

నువ్వన్నట్టు కాగితం ముందు కూర్చున్నాను. మొదటి పేజీలో అబద్ధాలు చెప్పుకోవచ్చన్నమాట.

గది ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద. కింద మిషను తిరిగినంతసేపూ బల్ల మీద గ్లాసు దానంతటదే నడుస్తుంది. గ్రౌండు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మొదటి సగం ఎగువకి ఆడితే రెండో సగం దిగువకి ఆడతాం, రెండో సగంలో అందరం గొప్ప ఆటగాళ్ళమే. కోచ్ పగలు బడిలో భూగోళం మాస్టారు. మెడలో విజిలూ, స్టాఫ్‌రూమ్ తాళంచెవీ ఒకే తాడుకి వేలాడుతుంటాయి. ఒకరోజు విజిలనుకుని తాళంచెవి ఊదాడు.

లాండ్రీ లేదు. ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి. నిన్న బకెట్లో ఎంత సబ్బుపొడి వేశానో ఏమో, నురుగు గుమ్మం దాటి మెట్లు దిగింది. నువ్వు చూసి ఉంటే పరువు తీసేదానివి.

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారు నన్ను పిలిచి లోను కాగితం చూపించారు. అందులో ఒక షరతు ఉంది. నెలకి కనీసం మూడు మ్యాచ్‌లు నన్ను ఆడించాలి. ఏ నెలలోనైనా మూడుకి తగ్గితే, ఆ నెల నా జీతం మొత్తం వీళ్ళే కట్టుకోవాలి. వీళ్ళకి బస్సు కిరాయికే కటకట, కాబట్టి నన్ను ఆడించి తీరతారు. "ఇది మీ క్లబ్బు పెట్టిన షరతయ్యా, మా లీగులో ఇంతకుముందు ఎవరూ పెట్టలేదు" అన్నారు మాస్టారు.

పిన్నీ, మనవాళ్ళు ఆ షరతు ఎందుకు పెట్టారంటావు? నా ఆట తుప్పు పట్టకూడదనే కదా? వెనక్కి పిలిచే ఉద్దేశమే లేకపోతే నేను ఆడితే ఎంత, మానితే ఎంత? బీరువా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

నా మూడో నంబరు జెర్సీ ఎవరికైనా ఇచ్చారా?

ఎడంకాలు


సెప్టెంబరు 4

ఒరేయ్ నురుగు మహారాజా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కింద కుట్టు మిషను ఆవిడకి కూడా చదివి వినిపించాను. నురుగు దగ్గర ఆవిడ పడీపడీ నవ్వింది.

అవునురా, క్లబ్బన్నాక ఊరికే పెడతారా షరతు? నీ మీద ఒక కన్నేసి ఉంచారనేగా అర్థం! మొన్న వరండాలో మేనేజరుగారు ఎదురుపడి "మీవాడు ఆడుతున్నాడా?" అని అడిగారు కూడా. నీ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. మడత పెట్టి అరలోనే ఉంచాను. అనవసరంగా మనసు పాడుచేసుకోకు.

సోమవారం పేపర్లో మీ లీగు ఫలితాలు వేస్తున్నారు. చీమ తలకాయలంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుని నీ పేరు వెతుక్కుంటాను. దొరికిందాకా టీ తాగను, దొరికాక రెండు తాగుతాను.

మట్టి తడిగా ఉండగా ఉతక్కు. ఆరనిచ్చి, దులిపి, అప్పుడు నానబెట్టు. నెత్తురు మరకైతే చన్నీళ్ళే. వేణ్ణీళ్ళు పోశావంటే ఆ మరక ఇక ఈ జన్మకి వదలదు.

ఆడు. బాగా ఆడు.

పిన్ని


అక్టోబరు 12

పిన్నీ,

ఆగస్టులో మూడు, సెప్టెంబరులో నాలుగు, ఈ నెల ఇప్పటికే రెండు. నీ టీల ఖర్చు పెరిగిపోతోందని తెలుస్తూనే ఉంది.

మాస్టారు మంచి మనిషి. ఓడిపోయిన రోజు ఎవరినీ ఏమీ అనరు. బస్సులో ముందు సీట్లో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. ఆ రోజు మాత్రం ఎవరికీ పాసు మార్కులు పడవని మావాళ్ళ అనుమానం.

ఒక చిన్న పని చేసిపెట్టు. నాతో ఆడేవాడొకడికి ఎడమ మోకాలు వాస్తోంది. మ్యాచ్ మర్నాడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాడు. రెండు రోజులకి తగ్గుతుంది, మళ్ళీ మ్యాచ్ ఆడగానే మొదలు. ఒక్కోసారి నడుస్తుండగానే లోపల ఏదో జారినట్టవుతుందట. ఇక్కడ ఫిజియో లేడు. ఒక నూనె సీసా, ఒక పట్టీల డబ్బా ఉన్నాయి, అంతే. మన ఫిజియోని అడిగి ఏమన్నాడో రాయి. నేను అడిగానని చెప్పకు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, అనవసరంగా కబుర్లు పుడతాయి.

నేను బాగున్నాను.

ఎడంకాలు


అక్టోబరు 25

ఒరేయ్ పరోపకారీ,

ఫిజియోని అడిగాను. తువ్వాళ్ళు తీసుకోవడానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను. "ఎవరికమ్మా?" అన్నాడు. మా చుట్టాలబ్బాయికన్నాను. నన్నే స్టూలు మీద కూర్చోబెట్టి, నా మోకాలే అటూ ఇటూ తిప్పి చూపించాడు. యాభై రెండేళ్ళ మోకాలు పాపం, కిర్రుమంది.

జారినట్టవుతోందంటే అతను మొహం మార్చేశాడురా. "ఆరు వారాలు కూర్చోవాలమ్మా. ఒక్క మ్యాచ్ కూడా వద్దు. ఇలాగే ఆడాడంటే ఏదో ఒక రోజు లోపల పుటుక్కుమంటుంది, ఇక ఆ కాలితో ఆట ఉండదు" అన్నాడు. ముందు పెద్ద ఆసుపత్రిలో చూపించమన్నాడు.

కాబట్టి నీ స్నేహితుడికి గట్టిగా చెప్పు. వాడికి ఇంట్లో ఎవరూ లేరా? చెవి మెలేసి కూర్చోబెట్టే మనిషే లేదా? వెధవ ఆట కోసం జన్మంతా కుంటుతాడా?

నువ్వు మాత్రం వాడికి తోడని బెంచి మీద కూలబడకు. వాడు కూర్చుంటే వాడి వాటా కూడా నువ్వే ఆడు. జనవరిలో లోను మీద వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలిపించుకోవచ్చట, ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. నీ పేరు కూడా వచ్చింది. ఇప్పుడు ఒక్క మ్యాచ్ కూడా వదలకు నాన్నా.

మీ అమ్మ ఉంటే ఈపాటికి లీగు మొత్తానికి చాటింపు వేసేది. నేను కుట్టు మిషను ఆవిడతో సరిపెట్టుకుంటున్నాను.

పిన్ని


నవంబరు 28

పిన్నీ,

ఫిజియో మాట వాడికి చెప్పాను. విన్నాడు. కూర్చోవడం కుదరదంటున్నాడు. వాడి కారణాలు వాడివి.

జనవరి అన్నావు. నా పేరు నిజంగా వచ్చిందా? ఎవరన్నారు? ఏమన్నారు? ఉన్నది ఉన్నట్టు రాయి. ఇంకో అయిదు వారాలే అయితే ఎవరైనా ఎలాగోలా లాక్కురాగలరు.

ఎక్కువ రాయలేను, ప్రాక్టీసుంది.

ఎడంకాలు


డిసెంబరు 6

ఒరేయ్,

వచ్చింది. మేనేజరుగారే అన్నారు. "వాడు ఇలాగే ఆడితే చూద్దాం" అన్నారు. చాలా?

ఉత్తరం ఇంత పొడిగా రాస్తే ఎలారా? మాస్టారి తాళంచెవి కబుర్లయినా రాయొచ్చుగా. పోనీలే, ఆడి అలసిపోతున్నట్టున్నావు. నిన్నటి పేపర్లో నీ పేరు రెండో లైనులోనే దొరికింది. ఒక్క టీతో సరిపెట్టాను, అంత త్వరగా దొరికితే రెండోది తాగడానికి సిగ్గేసింది.

పిన్ని


జనవరి 22

పిన్నీ,

ఈ ఉత్తరం ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. కంగారుపడకు, ప్రాణానికేం లేదు. ఎడమ మోకాల్లో లిగమెంటు తెగింది. శనివారం ఆపరేషన్ చేశారు.

ఆ స్నేహితుడెవరూ లేడు. నువ్వు ఎప్పుడో కనిపెట్టి ఉంటావనుకున్నాను.

నవంబరులో ఫిజియో చెప్పింది మాస్టారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "కూర్చోవాలంటే కూర్చోవయ్యా, నీ కాలు నీది. కానీ ఆరు వారాలంటే రెండు నెలలు నీ జీతం మొత్తం మా మీద పడుతుంది. గోల్‌కీపర్‌ని, ఇంకో ఇద్దరిని పంపించేయాలి. నిన్ను ఆడమని నేననలేను. వద్దనీ అనలేను" అన్నారు. ఆడతానన్నాను.

వాళ్ళ ముగ్గురి కోసం ఆడానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. కానీ అది అబద్ధం. మనవాళ్ళు ఆడమన్నారు కాబట్టి ఆడాను. పన్నెండేళ్ళు ఆ క్లబ్బులో ఉన్నాను. బాగా ఆడావని గానీ, చెడగొట్టావని గానీ ఎవరూ పిలిచి అన్నది లేదు. అలాంటిది ఒక కాగితంలో నా పేరు పక్కన "వీడు ఆడి తీరాలి" అని రాసిపెట్టారు. ఆ క్లబ్బు నా గురించి అన్న మంచి మాట అదొక్కటే పిన్నీ. ప్రతి మ్యాచ్ ముందూ పట్టీ బిగించుకుంటూ ఆ మాటే తలుచుకునేవాణ్ణి.

కాలు తెగిన రోజు గ్రౌండు పక్క మెట్ల మీద కోటు వేసుకున్న కొత్తాయనెవరో కూర్చుని ఉన్నాడు. జనవరి కదా, నన్ను చూడ్డానికి వచ్చిన మన క్లబ్బు మనిషే అనుకున్నాను. ఆయన కళ్ళముందే ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగెత్తాను. బంతి కోసం తిరగబోతే కాలు తిరగలేదు. ఆయన లైట్లు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియనట. స్ట్రెచరు ఒక పక్క పట్టుకున్నది ఆయనే.

మేనేజరుగారికి నువ్వే చెప్పు. నెలకి మూడుకి తగ్గకుండా ఆడాడని చెప్పు.

ఎడంకాలు


జనవరి 27

నాన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

ఆ మంచి మాట క్లబ్బు అన్నది కాదురా. నేనన్నది.

సంతకాల ముందు రోజు మేనేజరుగారి గదికి వెళ్ళానన్నాను చూడు, అందుకే వెళ్ళాను. నిన్ను ఎక్కడికో పంపి బెంచి మీద కూర్చోబెడతారని నాకు భయం. ఇక్కడ రెండేళ్ళు కూర్చున్నావు. ప్రతి ఆదివారం నీ జెర్సీ మరకలేకుండా, మడత నలగకుండా నా చేతికొచ్చేది. దాన్ని ఉతక్కుండానే మళ్ళీ అరలో పెట్టేదాన్ని. అందుకని "అయ్యా, వాణ్ణి ఆడించాలని ఒక ముక్క రాయించండి, ఆడించకపోతే వాళ్ళకి నష్టం వచ్చేలా రాయించండి" అని బతిమాలాను.

ఆయన పెద్దగా నవ్వారు. "భలే చెప్పావమ్మా! ఆడిస్తే వాడి రేటు పడిపోకుండా ఉంటుంది, ఎవరికైనా అమ్మొచ్చు. ఆడించకపోతే మనమిచ్చే జీతం మిగులుతుంది. ఎటు తిరిగినా మనకే లాభం. నువ్వు లాండ్రీలో ఉండాల్సిన మనిషివి కాదు" అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది. గర్వంగా మెట్లు దిగి వచ్చాను నాన్నా.

క్లబ్బే పెట్టిందని నువ్వు రాసినప్పుడు చెప్పి ఉండాల్సింది. అంత సంతోషంగా రాశావు, చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఒక అబద్ధానికి ఇంకోటి తోడవుతూ పోయింది. నీ నంబరు మూడో రోజే కొత్తవాడికిచ్చారు. వాడి జెర్సీ వీపు మీద అతికించింది నేనే. మేనేజరుగారు నీ పేరు ఎత్తలేదు. వరండాలో కాదు, జనవరి గురించీ కాదు, అసలెప్పుడూ ఎత్తలేదు.

ఎడమ మోకాలు అని రాసినా నాకు తట్టలేదు చూడు. నీ బట్టలు నా చేతికి వచ్చుంటే మొదటి వారంలోనే తెలిసిపోయేది. వాచిన కాలి మేజోడు పైఅంచు సాగిపోయి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అందరి నొప్పులూ అలాగే కనిపెట్టాను. చెవి మెలేసే మనిషే లేదా అని రాశాను. ఆ మనిషిని నేనేగా! వాడి వాటా కూడా నువ్వే ఆడమన్నాను.

మేనేజరుగారికి చెప్పాను, తగ్గకుండా ఆడాడని. "ఓహో" అన్నారు.

పిన్ని


ఫిబ్రవరి 24

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

డాక్టరు ఇక ఆట లేదన్నాడు. నడకకేం ఇబ్బంది ఉండదట. నడక గురించి నేను అడగలేదు, అతనే చెప్పాడు. మాస్టారు రోజూ బడి అయ్యాక వచ్చి కూర్చుంటారు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. గోల్‌కీపర్ నా బట్టలు తీసుకెళ్ళి ఉతికి తెస్తున్నాడు. నాకన్నా నయం, వాడికి సబ్బు లెక్క తెలుసు.

నీ మీద కోపం రాలేదని రాస్తే నమ్మవు. వచ్చింది. షరతు పెట్టించినందుకు కాదు. నేను ఆడాలని నువ్వు కాక ఇంకెవరు అడుగుతారు? చెప్పినందుకు వచ్చింది. కాలు పోయినా ఆ ఒక్క మాట మిగిలిందనుకుని పడుకున్నాను. అదీ లాగేసుకున్నావు. చెప్పకపోయి ఉంటే, ఒకప్పుడు ఒక పెద్ద క్లబ్బుకి నేను కావాల్సి వచ్చిందని ముసలివాణ్ణయ్యాక కూడా చెప్పుకునేవాణ్ణి.

మే నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. అప్పటివరకూ జీతం వస్తుంది. ఇందులో ఎవరి వంతు ఎంతో అడగబుద్ధి కాలేదు. ఆ తర్వాత మాస్టారి బడిలో ఏదో చూస్తానన్నారు.

ఇంటికి రాను. కోపంతో కాదు. వస్తే నువ్వు నా కాలు చూస్తావు. నేను కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు, నీ పని చేసుకుంటూనే ఓరకంట చూస్తావు. ఆ చూపు నేను భరించలేను పిన్నీ. నువ్వూ భరించలేవు.

నీ
అక్క కొడుకు


ఫిబ్రవరి 28

నాన్నా,

చూడనని ఒట్టు వేయలేను. చూస్తాను. ఏడుస్తాను కూడా. నాకు చాటుగా ఏడవడం రాదని నీకు తెలుసు.

నిన్న మేనేజరుగారి గదికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. సెలవు కావాలన్నాను. ఎన్నాళ్ళు అన్నారు. తెలియదన్నాను. "ఇలాగైతే ఇంకొకరిని చూసుకోవాలమ్మా" అన్నారు. చూసుకోమన్నాను. ఆ మాట అనడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. అంత కష్టమేం కాదు.

శనివారం మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. ప్రింటింగ్ ప్రెస్సు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారుగా. క్షమించమని అడగడానికి రావడం లేదు. అడిగితే నువ్వు క్షమించేస్తావు, నాకది వద్దు. తిట్టాలనిపిస్తే ఎదురుగా కూర్చుని తిట్టు. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. తలుపు మాత్రం తియ్యి.

నిన్ను ఎవరూ కోరుకోలేదని అనుకుంటున్నావు. ఆ గదిలోకి వెళ్ళి వీడు ఆడి తీరాలని అడిగిన మనిషి ఒకతె ఉందిరా. క్లబ్బంత పెద్దది కాదు, నిజమే. ఆవిడకి ఆట కూడా సరిగ్గా తెలియదు. బెంచి మీద నువ్వు తల వంచుకుని కూర్చుంటే చూడలేకపోయింది, అంతే.

ఇక నిన్ను ఆడమని అనను. కూర్చో. పక్కన నేనూ కూర్చుంటాను.

పిన్ని